ఎంతమంది మీద గెలిచావు?

డాన్స్ పోటీకి ఫీజు కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

పది ఫస్టులు, రెండు సెకండ్లు. అమెరికాలో నేను దిగిన మొదటి బాల్‌రూమ్ డాన్స్ పోటీలో నా రిజల్ట్ ఇది. ఆ రాత్రి హోటల్ గదిలో పతకాలన్నీ మంచం మీద పరిచి, ఫొటో తీసి, పలమనేరులో ఉన్న అమ్మకు వాట్సాప్‌లో పంపించా. ఇంట్లో అందరూ ఎగిరి గంతేస్తారనుకున్నా. కాసేపటికి అమ్మ ఫోన్ చేసింది. “పది ఫస్టులంటే బాగానే ఉంది నాయనా. ఎంతమంది మింద గెల్చినావు?” అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. తెల్లారి లేచి పోటీ ఫలితాలను ఆన్‌లైన్‌లో తెరిచి ఒక్కొక్క వరస చూశా. నేను దిగిన పన్నెండు అంశాల్లో తొమ్మిదింట్లో నా పేరు ఒక్కటే ఉంది. మిగతా మూడింట్లో ఇంకొక్కరు ఉన్నారు. ఆ మూడింట్లో ఒకటి గెలిచా, రెండు ఓడిపోయా. ఇద్దరున్న చోట సెకండ్ అంటే లాస్ట్ అని వేరే చెప్పక్కర్లేదు కదా! అంటే నేను నిజంగా గెలిచింది ఒక్కసారి, ఒక్కరి మీద. దానికి అయిన ఖర్చు పందొమ్మిది వందల డాలర్లు. అప్పటికి నా ఎడ్యుకేషన్ లోన్ ఇంకా సగం కూడా తీరలేదు.

ఆ పోటీవాళ్ళు మోసం చేయలేదు. రూల్స్ అన్నీ ముందే రాసి పెట్టారు. చదవనిది నేను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, పలమనేరు నుంచి ఎంఎస్‌కో ఉద్యోగానికో వెళ్ళి, సాయంత్రాలు డాన్స్ స్టూడియోలో చేరిన మనవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఎవరికైనా టీచర్ “ఈసారి కాంపిటీషన్‌కు వెళ్దామా?” అనే రోజు వస్తుంది. ఆ రోజు కోసమే ఈ వ్యాసం.

ప్రో–యామ్ అంటే ఏమిటి?

బాల్‌రూమ్ అంటే జంటగా చేసే డాన్స్. ఇందులో నేర్చుకునేవాళ్ళు తమకు నేర్పే ప్రొఫెషనల్ టీచర్‌నే జోడీగా పెట్టుకుని పోటీ పడటాన్ని ప్రో–యామ్ అంటారు. జడ్జీలు మార్కులు వేసేది స్టూడెంట్‌కు మాత్రమే. టీచర్ ఎంత బాగా చేసినా ఆయన ఖాతాలో మార్కులేమీ పడవు.

అమెరికాలో ఈ పద్ధతికి పెద్ద మార్కెట్టే ఉంది. అక్కడి ప్రో–యామ్ పోటీల్లో చాలావాటికి గుర్తింపు ఇచ్చేది నేషనల్ డాన్స్ కౌన్సిల్ ఆఫ్ అమెరికా. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో నవంబరులో జరిగే ఒహాయో స్టార్ బాల్, లాస్ ఏంజెలెస్‌లో జరిగే ఎమరాల్డ్ బాల్ లాంటివి పేరున్న పెద్ద పోటీలు. ఒహాయో స్టార్ బాల్‌లో చిత్రీకరించిన పోటీలను అక్కడి పబ్లిక్ టీవీ పీబీఎస్ ఏళ్ళ తరబడి ప్రసారం చేసింది. ఇంగ్లండులోని బ్లాక్‌పూల్ డాన్స్ ఫెస్టివల్ అయితే 1920లో మొదలైంది. బాల్‌రూమ్ వాళ్ళకు అది తిరుపతి లాంటిది.

డాన్సులు నాలుగు స్టైళ్ళుగా ఉంటాయి. ఇంటర్నేషనల్ స్టాండర్డ్‌లో వాల్ట్జ్, టాంగో, వియన్నీస్ వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్. ఇంటర్నేషనల్ లాటిన్‌లో చా చా, సాంబా, రుంబా, పాసో డోబ్లే, జైవ్. ఇవి కాక అమెరికన్ స్మూత్, అమెరికన్ రిథమ్ అని రెండు. ప్రతి స్టైల్‌లోనూ న్యూకమర్, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ఓపెన్ అని స్థాయిలుంటాయి. వీటి మీద వయసు గ్రూపులు. ఆపైన ఆడవాళ్ళకు వేరు, మగవాళ్ళకు వేరు.

ఇప్పుడు ఇంజినీరింగ్ బుర్ర పెట్టి గుణించండి. స్టైళ్ళు, డాన్సులు, స్థాయిలు, వయసులు, ఆడ–మగ. గుణిస్తే వందల గళ్ళు వస్తాయి. పోటీకి రెండు వందల మంది స్టూడెంట్లు వచ్చినా, వాళ్ళంతా ఆ గళ్ళల్లోకి చెదిరిపోతారు. కొన్ని గళ్ళల్లో పదిమంది ఉంటారు, చాలా గళ్ళల్లో ఒక్కరే ఉంటారు. నేను అలాంటి తొమ్మిది గళ్ళల్లో ఒంటరిగా నిలబడ్డా.

ఫ్లోర్ నిండా జనం, పోటీలో మీరొక్కరే

“మరి డాన్స్ చేస్తున్నప్పుడు తెలియలేదా?” అని మీరు అడగొచ్చు. తెలియదు. ఎందుకంటే ఫ్లోర్ మీద నాతోపాటు ఇంకో తొమ్మిది జంటలు ఉన్నాయి. టైమ్ మిగులుతుందని నిర్వాహకులు నాలుగైదు అంశాలను కలిపి ఒకే పాటకు నడిపిస్తారు. దాన్ని హీట్ అంటారు. పక్కన తిరుగుతున్న ఆవిడ సిల్వర్ కావచ్చు, అవతలి పెద్దాయన యాభై దాటిన వాళ్ళ గ్రూపు కావచ్చు. అందరూ ఒకే సంగీతానికి వాల్ట్జ్ చేస్తున్నారు గానీ ఎవరి పోటీ వాళ్ళది. మన సంతలో ఒకే చెట్టు కింద చింతపండు అమ్మేవాళ్ళు, కుండలు అమ్మేవాళ్ళు పక్కపక్కన కూర్చున్నట్టు. ఇద్దరూ ఒకచోటే ఉన్నారు గానీ ఒకరి బేరం ఒకరికి పోటీ కాదు.

దీనివల్ల నష్టమేంటి? బాల్‌రూమ్‌లో మార్కులు నూటికి ఇన్ని అని వేయరు. ఫైనల్లో ప్రతి జడ్జీ జంటలకు 1, 2, 3 అని వరస ర్యాంకులు ఇస్తారు. ఎక్కువమంది జడ్జీలు ఏ స్థానానికి ఒప్పుకుంటే ఆ స్థానం దక్కుతుంది. స్కేటింగ్ సిస్టమ్ అని దీనికి పేరు. ర్యాంకు అనేది ఇంకొకరితో పోలిస్తేనే పుడుతుంది. మీరొక్కరే ఉంటే అందరు జడ్జీలూ 1 వేస్తారు. ఇంకో దారి లేదు. ఆ 1 మీ డాన్స్ గురించి మీకు ఏమీ చెప్పదు.

అదే ఎక్కువమంది ఉంటే రౌండ్లు పెడతారు. ఫైనల్‌కు మామూలుగా ఆరు జంటలు. ముందు రౌండ్లలో జడ్జీలు ర్యాంకులివ్వరు, ‘వీళ్ళను మళ్ళీ చూడాలి’ అని టిక్ మాత్రం పెడతారు. దాన్నే కాల్‌బ్యాక్ అంటారు. పోటీ అయ్యాక ఏ జడ్జీ మీకు టిక్ పెట్టారో, ఎవరు పెట్టలేదో కనిపిస్తుంది. డబ్బులు పెట్టి కొనుక్కోవాల్సింది ఆ సమాచారాన్ని. పతకం దాని పక్కన కొసరు.

నాయన చెప్పిన టమాటా లెక్క

రెండోసారి పోటీ ఎంచుకునేటప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. మాది టమాటా పెట్టే ఇల్లు. కోత కోసిన రోజు ప్రతిసారీ ఇంట్లో ఒకటే చర్చ: పలమనేరు మార్కెట్టుకా, మదనపల్లె యార్డుకా, సరిహద్దు దాటి కోలారుకా? బాడుగ ఎక్కడికి తక్కువో చూసి బండి తిప్పేస్తే మా నాయన ఒప్పుకోడు. “కొనేటోళ్ళు యాడ ఎక్కువ మంది దిగినారో కనుక్కోరా. ఒక్కడే కొనేటోడుంటే వాడు చెప్పిందే రేటు” అంటాడు. నలుగురు పాటపాడితేనే సరుకు అసలు విలువ బయటికొస్తుంది. డాన్సుకూ ఇదే సూత్రం. కొనేవాళ్ళ బదులు ఇక్కడ పోటీదారులు, అంతే.

కానీ నాయన యార్డు పేరు చూసి పోడు. ఆ రోజు, ఆ సరుకుకు ఎంతమంది వచ్చారో ఫోన్ చేసి కనుక్కుంటాడు. మీరూ పోటీ పేరు చూడొద్దు. మీ గడిలో ఎంతమంది అన్నది చూడండి.

ఎలా లెక్కపెట్టాలి?

ఇందుకు ఒక ఎక్సెల్ షీట్, ఒక ఆదివారం చాలు.

1. మీ గడి ఏదో ముందు రాసుకోండి. స్టైల్, స్థాయి, వయసు గ్రూపు, ఆడ–మగ. వయసు గ్రూపుల హద్దులు ఒక్కో పోటీలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ పోటీ రూల్ బుక్కులోనే చూడండి.

2. పాత ఫలితాలు తెరవండి. గుర్తింపు ఉన్న పోటీల్లో చాలావాటి ఫలితాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కనీసం రెండు మూడేళ్ళవి చూడండి. ఒక్క ఏడాది చూస్తే ఆ ఏడు ఒక స్టూడియో మొత్తం గుంపుగా వచ్చి ఉండొచ్చు, మంచు తుఫానుకు ఎవరూ రాకపోయి ఉండొచ్చు.

3. మీ గడిలో ప్రతి డాన్సుకు ఎంతమంది దిగారో రాసుకోండి. ముగ్గురి కంటే తక్కువుంటే ఎర్ర రంగు వేయండి. నలుగురు, ఐదుగురు ఉంటే పసుపు. ఆరు దాటితే పచ్చ.

4. ఎంతమంది వేరు వేరు మనుషులో చూడండి. ఐదు డాన్సుల్లోనూ అవే ఇద్దరి పేర్లు కనిపిస్తే అది పది ఎంట్రీలు, ఇద్దరే మనుషులు. ఎంట్రీల సంఖ్య చూసి మోసపోవద్దు.

5. ఎన్ని స్టూడియోల నుంచి వచ్చారో చూడండి. అందరూ ఒకే స్టూడియో అయితే, మీరు క్లాసులో రోజూ చూసే మొహాల మీదే పోటీ పడటానికి విమానం ఎక్కుతున్నట్టు.

6. పోటీకి కొద్దిరోజుల ముందు హీట్ షీట్ విడుదలవుతుంది. ఎవరు ఏ హీట్‌లో ఉన్నారో అందులో తెలుస్తుంది. అప్పటికి ఫీజు కట్టేసి ఉంటారు కాబట్టి ఎంపికకు అది పనికిరాదు. కానీ మీ అంచనా ఎంత నిజమైందో సరిచూసుకుని మరుసటి ఏడాదికి దాచుకోండి.

పెద్ద పోటీలోనూ చిన్న గళ్ళుంటాయి

ఇక్కడే చాలామంది, ముఖ్యంగా మన అబ్బాయిలు పొరబడతారు. పెద్ద పోటీకి వెళ్తే పోటీదారులు వాళ్ళంతట వాళ్ళే దొరుకుతారనుకుంటారు. ప్రో–యామ్‌లో స్టూడెంట్లలో ఎక్కువమంది ఆడవాళ్ళు. అందులోనూ ఉద్యోగాల్లో స్థిరపడిన నడివయసు వాళ్ళే ఎక్కువ. వాళ్ళ గళ్ళు కిక్కిరిసి ఉంటాయి. పాతికేళ్ళ కుర్రాడు లేడీ టీచర్‌తో దిగే గడి, దేశంలోనే పేరున్న పోటీలో కూడా ఖాళీగా ఉండొచ్చు.

అలాంటప్పుడు ఏం చేయాలి? విడివిడి డాన్సుల కన్నా మూడు నాలుగు డాన్సులు కలిపి జరిగే చాంపియన్‌షిప్పులు, స్కాలర్‌షిప్ అంశాలు చూడండి. స్కాలర్‌షిప్ అంటే గెలిచిన స్టూడెంటుకు కొంత నగదు ఇచ్చే పోటీ. వీటిలో వయసు గ్రూపులు తక్కువ, గళ్ళు పెద్దవి. అందుకే జనం చేరతారు. ఎంట్రీ ఫీజు ఎక్కువే గానీ, ఒక్క ఎంట్రీలో నాలుగైదుగురి పక్కన నిలబడే అవకాశం వస్తుంది.

ఇంకా యూనివర్సిటీలో ఉన్నవాళ్ళయితే ప్రో–యామ్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి అంటాను. అక్కడ చాలా క్యాంపస్‌లలో బాల్‌రూమ్ క్లబ్బులున్నాయి. స్టూడెంటూ స్టూడెంటూ జోడీ కట్టి దిగే కాలేజీ పోటీలు జరుగుతాయి. టీచర్‌కు కట్టే ఫీజు ఉండదు, ఖర్చు బాగా తక్కువ. పైగా కొత్తవాళ్ళ విభాగమే అన్నిటికన్నా నిండుగా ఉంటుంది. మొదటి రౌండులోనే ఇంటికి పంపేస్తారేమో, పర్వాలేదు. నేర్చుకోవడానికి అంతకన్నా చవకైన చోటు లేదు.

ఖర్చును ఇలా భాగించండి

ప్రో–యామ్ ఖర్చులో నాలుగు పద్దులుంటాయి: ఒక్కో డాన్సుకు ఎంట్రీ ఫీజు, టీచర్ ఫీజు, హోటల్–ప్రవేశ టికెట్ల ప్యాకేజీ, ప్రయాణం. టీచర్ ప్రయాణం ఖర్చులో కూడా స్టూడెంట్లు వాటా పంచుకోవాల్సి రావచ్చు. డ్రెస్, షూ ఖర్చు వేరు. మొత్తం ఎంతవుతుందో ముందుగా కాగితం మీద రాయించుకోండి.

ఆ మొత్తాన్ని మీరు దిగే డాన్సుల సంఖ్యతో భాగించకండి. నిజంగా పోటీ ఉన్న డాన్సుల సంఖ్యతో భాగించండి. ఒక ఉదాహరణ చూద్దాం. ఊరి దగ్గరి పోటీకి 1,800 డాలర్లు, పన్నెండు డాన్సులు. చూడటానికి డాన్సుకు 150. కానీ పోటీ ఉన్నవి మూడే అనుకోండి, అసలు ధర 600. దూరంలోని పోటీకి 2,800 డాలర్లు, ఎనిమిది డాన్సులు. డాన్సుకు 350 అని భయమేస్తుంది. కానీ ఏడింట్లో పోటీ ఉంటే అసలు ధర 400. ఎక్కువ ఖర్చయ్యే పోటీయే ఇక్కడ చవక. రెండూ భరించలేనివైతే ఈ ఏడు వద్దనుకోవడం కూడా లెక్క ప్రకారం సరైన జవాబే. లోన్ కట్టేవాళ్ళు ఆ జవాబుకు సిగ్గుపడక్కర్లేదు.

టీచర్‌ను ఎలా అడగాలి?

మనకు గురువును ప్రశ్నించడమంటే మొహమాటం. నాకూ ఉండేది. కానీ ఇక్కడ గురువుగారే మీ జోడీ, మీ నుంచి ఫీజు తీసుకునే మనిషి కూడా. చాలా పోటీల్లో టాప్ టీచర్, టాప్ స్టూడియో అని బహుమతులుంటాయి. స్టూడెంట్లు ఎన్ని ఎంట్రీలు వేస్తే అన్ని పాయింట్లు. కాబట్టి ఎక్కువ డాన్సులు వేయించాలన్న ఆశ వాళ్ళకు ఉండటం సహజం. అది చెడ్డతనం కాదు, వాళ్ళ బతుకుతెరువు.

గొడవ లేకుండా మూడు ప్రశ్నలు అడగండి. “నా గ్రూపులో పోయినేడు ఎంతమంది దిగారు?” “పన్నెండు కాకుండా ఆరు డాన్సులే వేస్తే ఏవి వేయమంటారు?” “ఈ పోటీ నుంచి నేను ఏం నేర్చుకోవాలని మీరనుకుంటున్నారు?” మంచి టీచర్ మూడో ప్రశ్నకు సంతోషిస్తారు. విసుక్కున్నారంటే అది కూడా మీకు ఒక జవాబే.

చిన్న పోటీ వేస్టా? కాదు. మొదటిసారి అంతమంది ముందు నిలబడితే కాళ్ళు వణుకుతాయి. హీట్ నంబరు పిలవగానే లైనులో నిలబడటం, వీపుకు నంబరు కట్టుకోవడం, పాట మొదలవగానే తాళం పట్టుకోవడం, ఇవన్నీ ఒకసారి అలవాటు కావాలి. దానికి ఇంటి దగ్గరి చిన్న పోటీ చాలు. నాలుగు డాన్సులతో దిగండి, అనుభవం తెచ్చుకోండి. పతకాన్ని మాత్రం పతకంలా చూడకండి, రిహార్సల్ టికెట్టులా చూడండి.

నా రెండో పోటీ

ఏడాది ఆగి, షీటులో పచ్చ రంగు పడిన పోటీకి వెళ్ళా. ఆరు డాన్సులే వేశా. బ్రాంజ్ వాల్ట్జ్‌లో తొమ్మిది మంది. సెమీస్ దాటి ఫైనల్‌కు వెళ్ళి ఐదో స్థానంలో నిలిచా. చా చాలో మొదటి రౌండులోనే బయటికొచ్చా. ఏడుగురు జడ్జీల్లో వాల్ట్జ్‌కు ఐదుగురు టిక్ పెడితే చా చాకు ఇద్దరే పెట్టారు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని టీచర్, నేను వీడియో చూశాం. చా చాలో నేను బీట్ కన్నా ముందే అడుగు వేసేస్తున్నా. మొదటి పోటీలో కూడా అదే తప్పు చేసుంటా. కానీ అక్కడ దానికి గోల్డ్ ఇచ్చారు!

ఒక్క పతకం లేకుండా వచ్చా. ఆ తర్వాత మూడు నెలలు ఏం ప్రాక్టీసు చేయాలో మాత్రం తెలుసు.

మన ఊళ్ళోనూ ఇదే లెక్క

బాల్‌రూమ్ మనకు దూరమే కావచ్చు. బెంగళూరు మాత్రం పలమనేరుకు మూడు గంటల దూరం, కుప్పం నుంచి రైలెక్కితే ఇంకా దగ్గర. సల్సా, బచాటా నేర్పే స్టూడియోలు అక్కడ ఉన్నాయి. వాటిలో చేరే మన పిల్లలకు పోటీల పిలుపులు వస్తాయి. ఇక్కడ స్కూలు పిల్లలకైతే ‘నేషనల్ లెవెల్’, ‘ఇంటర్నేషనల్’ అని పేరు పెట్టిన డాన్స్ పోటీల పాంప్లెట్లు వస్తూనే ఉంటాయి. ఫీజు కట్టిన ప్రతి పాపకూ ట్రోఫీ, సర్టిఫికెట్. తల్లిదండ్రులు ఆ ఫీజును చీటీ డబ్బుల్లోంచి తీసి కట్టేది కూడా ఉంటుంది.

అక్కడా ఇవే ప్రశ్నలు వేయండి. మా పాప వయసు గ్రూపులో పోయినేడు ఎంతమంది వచ్చారు? ఎన్ని ఊళ్ళ నుంచి? జడ్జీలు ఎవరు? మార్కులు చూపిస్తారా? జవాబు రాకపోతే ఆ డబ్బుతో పాపకు ఇంకో రెండు నెలలు క్లాసు చెప్పించండి. కాలేజీవాళ్ళు హ్యాకథాన్లకు, పేపర్ ప్రజెంటేషన్లకు వెళ్ళే ముందు కూడా ఇదే షీటు తెరవొచ్చు. రెజ్యూమెలో ‘ఫస్ట్ ప్రైజ్’ అని చూసిన ఇంటర్వ్యూ చేసేవాళ్ళు మర్యాదగా అడిగేది ఒకటే: “ఎన్ని టీములు వచ్చాయి?”

ఆ ఐదో స్థానం సంగతి అమ్మకు ఫోన్‌లోనే చెప్పా. పంపడానికి ఫొటో లేదు. “ఎంతమందిలో?” అంది. “తొమ్మిది మందిలో” అన్నా. “అట్లయితే నలుగురి మింద గెల్చినావు కదరా. పోయినతూరి కన్నా ముగ్గురు ఎక్కువే” అంది. లెక్క కరెక్టే. నేను ఎక్సెల్‌లో ఒక ఆదివారం అంతా చేసిన పనిని అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.